టీడీఎస్ పెన్ను చెప్పని సంగతి

బకెట్ అంచున తెల్లటి పొర, షాంపూ ఎంత రుద్దినా రాని నురగ, నాలుగు విజిల్స్ వచ్చినా పలుకుగానే ఉన్న కందిపప్పు. చిల్లకల్లు, జగ్గయ్యపేట వైపు బోరు నీళ్లు వాడేవాళ్లకి ఇవేం కొత్త కాదు.

కారణం కాళ్ల కిందే ఉంది. ఇది సున్నపురాయి ఉన్న ప్రాంతం. సిమెంట్ ఫ్యాక్టరీలు వచ్చింది కూడా దానికోసమే. వాన నీళ్లు నేలలోకి ఇంకేటప్పుడు కార్బన్ డయాక్సైడ్‌ని కలుపుకుని కాస్త ఆమ్లంగా మారతాయి. సున్నపురాయిని మెల్లగా కరిగిస్తూ కాల్షియం, మెగ్నీషియంలను వెంట తెస్తాయి. నీళ్ల హార్డ్‌నెస్ అంటే ఈ రెండే.

ఇప్పుడు ప్యూరిఫయర్ అమ్మే అబ్బాయి వచ్చాడనుకోండి. గ్లాసులో టీడీఎస్ పెన్ను ముంచి, "600 ఉందండీ, బాగా హార్డ్ వాటర్" అంటాడు. డబ్బు తీసే ముందు ఒక్క నిమిషం ఆగండి. ఆ పెన్ను నీళ్లలో కరెంటు ఎంత బాగా పారుతుందో చూసి, మొత్తం లవణాలను అంచనా వేస్తుంది. అవి ఏ లవణాలో దానికి తెలీదు. వాన నీళ్లలో కాస్త వంట ఉప్పు కలిపినా 600 చూపిస్తుంది. కానీ ఆ నీళ్లకి హార్డ్‌నెస్ దాదాపు ఉండదు!

తేల్చేది టైట్రేషన్. ఇంజినీరింగ్ ఫస్ట్ ఇయర్ ల్యాబ్‌లో మీరు చేసిందే. 50 మి.లీ. నీళ్లు తీసుకుని, పీహెచ్ 10 ఉండేలా అమ్మోనియా బఫర్ పోసి, ఎరియోక్రోమ్ బ్లాక్ టీ కాస్త వేస్తే ద్రాక్షసారా రంగు వస్తుంది. అది కాల్షియం, మెగ్నీషియం పట్టుకున్న రంగు. బ్యూరెట్ నుంచి ఈడీటీఏ చుక్క చుక్కగా వదిలితే, అది వాటిని లాగేసుకుంటుంది. ఇక లాగడానికేం మిగలనప్పుడు రంగు నీలంగా మారుతుంది. అక్కడ ఆపాలి.

లెక్క తేలికే. 0.01 మోలార్ ఈడీటీఏ 1 మి.లీ. పడితే, 1 మి.గ్రా. కాల్షియం కార్బొనేట్‌తో సమానం. 24 మి.లీ. పడితే 24ని 20తో గుణించండి. లీటరుకి 480 మి.గ్రా. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగే నీటికి 200 దాకా మంచిది. వేరే నీళ్లు దొరకనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు.

అవే నీళ్లని మరిగించి, చల్లార్చి, వడకట్టి మళ్లీ టైట్రేషన్ చేయండి. తగ్గినంత తాత్కాలిక కాఠిన్యం, మిగిలింది శాశ్వతం. గీజర్‌లో పెచ్చు కట్టేది ముఖ్యంగా ఆ మొదటిదే. వంటింట్లో ఆర్‌వో పెడితే బాత్రూంలో గీజర్‌కి ఒరిగేదేం లేదు. దానికి సాఫ్ట్‌నర్ వేరు.

అందుకే ముందు నీళ్లని ల్యాబ్‌కి పంపండి. హార్డ్‌నెస్‌తో పాటు ఫ్లోరైడ్, నైట్రేట్ కూడా చూడమనండి. అవి టైట్రేషన్‌లోనూ కనిపించవు, పెన్నుకీ విడిగా తెలీవు. రిపోర్టు చేతికొచ్చాక ఏ మెషీన్ కావాలో, అసలు కావాలో వద్దో మీరే తేల్చుకోవచ్చు. ఈలోగా ఎవరైనా పెన్ను తీస్తే ఒకటే అడగండి: "ఇందులో కాల్షియం ఎంత బాబూ?"