ముందు వెతకాల్సింది ఆస్పత్రే

2020 జూన్‌లో మహారాష్ట్రలోని జల్‌గావ్ సివిల్ ఆస్పత్రిలో చికిత్స పొందుతున్న 82 ఏళ్ల కోవిడ్ రోగి కనిపించకుండా పోయింది. తప్పిపోయినట్టు పోలీసులకు ఫిర్యాదు వెళ్లింది. ఎనిమిది రోజుల తర్వాత ఆమె మృతదేహం అదే ఆస్పత్రి మరుగుదొడ్డిలో దొరికింది. డీన్‌పై సస్పెన్షన్ వేటు పడింది. కోవిడ్ రోజుల గందరగోళమని సర్దిచెప్పుకోవడానికి వీల్లేని ఘోరం ఇది. సొంత తలుపులు తీసి చూసుకోకుండానే మనిషి బయటికి వెళ్లిపోయిందని నమ్మేశారు. మంచం మీద లేని రోగి ఇక తమ రోగి కాదన్న ధోరణి ఆ ఒక్క ఆస్పత్రిదే అయితే ఇంత రాయనవసరం లేదు.

మన పెద్దాస్పత్రుల్లో రోగిని కనిపెట్టుకుని ఉండేది వెంట వచ్చిన మనిషే. స్ట్రెచర్ తోసేదీ, రక్తం శాంపిల్ ల్యాబుకు పట్టుకెళ్లేదీ, రాత్రి మంచం పక్కన నేల మీద దుప్పటి పరుచుకునేదీ ఆ అటెండెంటే. మందుల షాపుకు వెళ్లొచ్చేలోగా రోగి లేచి వెళ్లిపోతే ముందుగా ఎదురయ్యే ప్రశ్న ‘నువ్వెక్కడికి పోయావు?’ అని. కేసు షీటులో ‘అబ్‌స్కాండెడ్’ (పరారీ) అని ఒక్క ముక్క పడుతుంది. మంచం ఇంకొకరికి వెళ్తుంది. కుటుంబం మాత్రం అవుట్‌పోస్టు కానిస్టేబుల్ దగ్గరికి, అక్కణ్నుంచి స్టేషన్‌కు, ఇది మా పరిధి కాదంటే సొంతూరి స్టేషన్‌కు తిరుగుతూ ఉంటుంది. తొలి గంటలు ఆ తిరుగుడులోనే పోతాయి. దారి తెలియక నడుస్తున్న మనిషి ఏదో ఒక రైలెక్కేయడానికి ఆ గంటలే చాలు.

ఇలా వెళ్లిపోయేవారంతా మానసిక రోగులే అనుకోవడం పొరపాటు. చెయ్యి విరిగి ఆర్థోపెడిక్ వార్డులో చేరిన మనిషికి రోజూ తాగే అలవాటుంటే, మందు ఆగిన రెండో మూడో రాత్రికి వణుకు పుట్టవచ్చు, లేనివి కనిపించవచ్చు. అప్పుడతనికి తానెక్కడున్నాడో తెలియదు. సెలైన్ సూది పీకేసి నడిచిపోతాడు. మతిమరుపు ముదిరిన పెద్దావిడ, ఆపరేషన్ అయిన రాత్రి భ్రమల్లో పడిన ముసలాయన కూడా అంతే. ఇవేవీ వైద్యులకు కొత్త కాదు. ‘రోజూ తాగుతారా? ఇంతకుముందెప్పుడైనా ఇంట్లోంచి తప్పిపోయారా?’ అని చేర్చుకునేటప్పుడే అడిగి, ఆ జవాబును రాత్రి డ్యూటీ నర్సుకు అప్పజెప్పవచ్చు. ముందే తెలిసిన ప్రమాదానికి కాపలా పెట్టకపోవడం ఆస్పత్రి తప్పు. దాన్ని రోగి ఖాతాలో రాయడం ఇంకో తప్పు.

మానసిక వైద్యశాలల దగ్గరికొస్తే అధికారులకు తోచేది ఒక్కటే: గోడ ఎత్తు పెంచడం, తాళం వేయడం. 2022లో కేరళలోని కోళికోడ్ కుతిరవట్టం ప్రభుత్వ మానసిక ఆరోగ్య కేంద్రంలో ఏం జరిగిందో చూడండి. ఫిబ్రవరిలో రోగుల మధ్య గొడవలో ఒక యువతి చనిపోయింది. ఆ వెంటనే ఒకరి తర్వాత ఒకరు రోగులు బయటపడ్డారు. భద్రతా సిబ్బందిని నియమించాలని హైకోర్టు ప్రభుత్వానికి చెప్పాల్సి వచ్చింది. మే నెలలో అక్కణ్నుంచి బయటపడిన యువకుడు బైకు ప్రమాదంలో మరణించాడు. ప్రభుత్వం సూపరింటెండెంట్‌ను సస్పెండ్ చేసింది. వైద్యులు నిరసనకు దిగారు, వారి కోపంలో న్యాయం ఉంది. వందలమంది రోగులున్న చోటికి చాలినంతమంది సిబ్బందిని ఇవ్వకుండా, ఏదైనా జరగ్గానే ఒక్క అధికారిని బలిపెట్టడం ప్రభుత్వాలకు చౌకగా దొరికే ప్రాయశ్చిత్తం.

తాళమే పరిష్కారమనేవారు ఏర్వాడిని గుర్తు తెచ్చుకోవాలి. 2001 ఆగస్టు 6న తమిళనాడు రామనాథపురం జిల్లాలోని ఆ దర్గా ఊళ్లో మానసిక రోగులను ఉంచిన పాకకు నిప్పంటుకుంది. కాళ్లకు గొలుసులు ఉండటంతో వారు కదలలేకపోయారు. 28 మంది ప్రాణాలు పోయాయి. అక్కణ్నుంచి తప్పిపోయినవారెవరూ లేరు!

రోగి వెళ్లిపోవాలనుకోవడానికి కారణాలు చాలావరకు వార్డులోనే కనిపిస్తాయి. పొద్దస్తమానం చేయడానికి పనుండదు, మాట్లాడే మనిషుండడు. ఇంటి నుంచి ఫోను రాదు. మందులకు ఒళ్లు మొద్దుబారుతుంది. ఎప్పుడు పంపిస్తారని అడిగితే జవాబు చెప్పేవారుండరు. దేశంలోని 46 ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థల పరిస్థితి అమానవీయంగా ఉందని, నయమైనవారిని కూడా పంపకుండా ఉంచేస్తున్నారని 2023 జనవరిలో జాతీయ మానవ హక్కుల కమిషనే తప్పుపట్టింది. ఇల్లు లేదనో, ఇంటివాళ్లు వద్దన్నారనో ఎవరినీ ఆస్పత్రిలోనే ఉంచేయకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 19వ సెక్షన్ చెబుతోంది. నయమయ్యాక కూడా గేటు తెరుచుకోదని తెలిసిన మనిషి గోడ వైపు చూడటంలో ఆశ్చర్యమేముంది?

ఇంకో సంగతి కూడా తేల్చుకోవాలి. తనంతట తాను చేరిన వయోజనుడు వెళ్తానంటే, చట్టం చెప్పిన కొద్దిపాటి మినహాయింపులు తప్ప, ఆపే అధికారం ఆస్పత్రికి లేదు. అతను వెళ్లడం తప్పిపోవడం కాదు. సంతకం తీసుకుని, మందులిచ్చి, మళ్లీ ఎప్పుడు రావాలో చెప్పి పంపాలి. నిర్ణయం తీసుకోగల స్థితిలో లేని మనిషి మాయమవడం వేరు. ఈ రెండింటినీ ఒకే మాటతో కేసు షీటులో మూసేయడం వల్లే వెతకాల్సిన మనిషిని కూడా ఎవరూ వెతకడం లేదు.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోనూ లోటుంది. వీధుల్లో తిరుగుతూ కనిపించిన మానసిక రోగి విషయంలో తప్పిపోయిన వ్యక్తిగా ఎఫ్ఐఆర్ నమోదు చేయాలని, కుటుంబాన్ని వెతకాలని 100వ సెక్షన్ పోలీసులకు స్పష్టంగా చెప్పింది. అనుమతి లేకుండా ఆస్పత్రి విడిచి వెళ్లినవారి గురించిన 92వ సెక్షన్ మాత్రం ఖైదీ రోగులకే పరిమితం. ఖైదీ పారిపోతే పట్టుకురావడానికి సెక్షన్ ఉంది, మామూలు రోగి తప్పిపోతే ఆస్పత్రి ఏం చేయాలో చెప్పే సెక్షన్ లేదు. ఇంగ్లండ్‌లో నిర్బంధ చికిత్సలో ఉన్న రోగి అనుమతి లేకుండా వెళ్లిపోతే ఆ సంగతి కేర్ క్వాలిటీ కమిషన్‌కు తెలపాలని నిబంధనలున్నాయి. మన దగ్గర ఆ లెక్క అడిగేవారేరి? జాతీయ నేర గణాంకాల్లో తప్పిపోయినవారిని స్త్రీలు, పురుషులు, పిల్లలుగా లెక్కిస్తారు. ఆస్పత్రి మంచం మీద నుంచి తప్పిపోయినవారు ఆ రాశిలో కలిసిపోతారు.

సాధనాలు లేవనడానికి వీల్లేదు. తెలంగాణ పోలీసుల ‘దర్పణ్’ ముఖ గుర్తింపు వ్యవస్థ, 2020లో, అప్పటికి ఐదేళ్ల కిందట ఉత్తరప్రదేశ్‌లో తప్పిపోయిన ఆటిజం ఉన్న బాలుడిని అస్సాంలోని ఒక శిశు సంక్షేమ కేంద్రంలో గుర్తించింది. పిల్లల కోసం చేయగలిగింది వార్డులోంచి తప్పిపోయిన పెద్దల కోసం ఎందుకు చేయరు? ఫొటో, ఎత్తు, చివరిసారి వేసుకున్న బట్టలు చాలు. జబ్బు పేరు ఊరంతా చాటనక్కర్లేదు.

చేయాల్సింది స్పష్టం. రోగి కనిపించలేదని తెలిసిన గంటలోగా మరుగుదొడ్లు, మెట్లు, మేడ మీది గదులు సహా ఆవరణంతా ఆస్పత్రి తానే వెతికి, ఏ చోటు ఎవరు చూశారో రాసిపెట్టాలి. దొరకకపోతే ఫిర్యాదు ఇవ్వాల్సింది డ్యూటీలో ఉన్న వైద్యాధికారి, ఆ కుటుంబం కాదు. ఆస్పత్రి ఏ స్టేషన్ పరిధిలో ఉంటే ఆ స్టేషన్‌లోనే కేసు కట్టాలి. ఎర్రగడ్డ, విశాఖ మానసిక వైద్యశాలలతో పాటు గాంధీ, ఉస్మానియా, కేజీహెచ్ వంటి పెద్దాస్పత్రులన్నీ ఎంతమంది తప్పిపోయారో, ఎంతమంది దొరికారో, ఎంతమంది చనిపోయి దొరికారో ఏటా బయటపెట్టాలి. మానసిక వైద్యశాలల లెక్కలను రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీలు పరిశీలించాలి. పార్లమెంటు చట్టాన్ని సవరించేదాకా ఆగనక్కర్లేదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆరోగ్య, హోం శాఖల కార్యదర్శులు కలిసి ఒక ఉత్తర్వు మీద సంతకం పెడితే రేపటి నుంచే ఇది అమలవుతుంది.