ప్యాకేజీలో లేని డాక్టరు

సికింద్రాబాద్‌లో ఏ పెద్ద రోడ్డు పట్టుకున్నా ‘ఫుల్ బాడీ చెకప్, సగం ధరకే’ అనే బోర్డు కనిపిస్తుంది. పొద్దున పరగడుపున రక్తమిస్తే సాయంత్రానికి ఫోన్‌లో పేజీలకు పేజీల రిపోర్టు. అందులో ఎర్రగా ఒక్క అంకె కనబడితే ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు. దాని అర్థం చెప్పాల్సిన డాక్టరు మాత్రం చాలాసార్లు ఆ ప్యాకేజీలో ఉండడు.

జబ్బును ముందే పట్టుకోవడం మంచిదే. కానీ ఎవరికి, ఏ వయసులో, ఏ పరీక్ష అన్నది తేల్చాల్సింది డాక్టరే, డిస్కౌంటు కాదు. దక్షిణ కొరియాలో ఏం జరిగిందో చూడండి. 1999లో అక్కడి ప్రభుత్వం క్యాన్సర్ స్క్రీనింగ్ మొదలుపెట్టింది. ఆ జాబితాలో లేని థైరాయిడ్ స్కాన్‌ను ఆసుపత్రులు కాస్త అదనపు రుసుముతో కలిపి అమ్మాయి. 1993తో పోలిస్తే 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ కేసుల రేటు 15 రెట్లయింది. మరణాలు మాత్రం తగ్గలేదు. ఎన్నటికీ బాధపెట్టని గడ్డల కోసం వేలమంది ఆపరేషన్లు చేయించుకుని జీవితాంతం మాత్రలపై ఆధారపడ్డారు.

మన జాతీయ స్క్రీనింగ్ కార్యక్రమం జాబితా చిన్నది. 30 ఏళ్లు దాటినవారికి బీపీ, షుగర్, నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లు. నోరు చూడటానికి టార్చిలైటు చాలు. గుట్కా అలవాటుందా అని అడగడానికి అదీ అక్కర్లేదు.

ఇక గాయాలను ముందే ఆపడానికైతే ల్యాబ్‌తో పనే లేదు. బీపీ మాత్రల కోసం వచ్చిన పెద్దావిడను ‘రాత్రి లేచినప్పుడు కళ్లు తిరుగుతున్నాయా అమ్మా? నిద్రమాత్ర వేసుకుంటున్నారా? చూపు ఎలా ఉంది?’ అని అడిగి, నిలబెట్టి మరోసారి బీపీ చూస్తే తుంటి ఎముక విరగకుండా కాపాడవచ్చు. జ్వరమని బైక్ మీద వచ్చిన దంపతులను ‘వెనక కూర్చున్నావిడ హెల్మెట్ ఏదీ?’ అని నిలదీయవచ్చు. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ ఇద్దరికీ హెల్మెట్ ఉండాలంటోంది. పోలీసు చెబితే చలానా భయం. డాక్టరు చెబితే ప్రాణభయం.

అది డాక్టరు పని కాదంటారా? 1897 ఆగస్టు 20న ఇక్కడి బేగంపేటలోనే రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. మిలిటరీ డాక్టరు, క్వినైన్ ఇచ్చి ఊరుకుంటే అడిగేవారు లేరు. ఆయన ఊరుకోలేదు. దోమలు పుట్టే గుంటలు పూడ్చాలంటూ ఆఫ్రికాలోని ఫ్రీటౌన్ దాకా వెళ్లాడు.

‘ఓపీలో రెండు నిమిషాలు దొరకడమే గగనం, ఇన్ని ప్రశ్నలెక్కడ?’ అంటారు డాక్టర్లు. నిజమే. అందుకే సగం ప్రశ్నలు నర్సు, ఆశా కార్యకర్త ముందే అడిగి కాగితం మీద రాసి పంపాలి. రెండో అడ్డంకి డబ్బు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో తుంటి ఆపరేషన్‌కు డబ్బొస్తుంది, ఆ ఆపరేషన్ తప్పించిన మాటకు రాదు. బస్తీ దవాఖానాల పనితీరును ఎంతమందికి మందులిచ్చారన్న లెక్కతోపాటు, ఎంతమందిని ఈ ప్రశ్నలు అడిగారన్న లెక్కతోనూ ప్రభుత్వం కొలవాలి.

అప్పటిదాకా మనమే మొదలుపెడదాం. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ‘నా వయసుకు ఏ పరీక్ష కావాలి, ఏది అక్కర్లేదు?’ అని అడగండి. రెండో సగానికి కూడా ఓపిగ్గా జవాబు చెప్పే డాక్టరు దొరికితే, ఆయన్ను వదులుకోకండి.