పాత సర్వర్లు – మన బాధ్యత
1998లో సైబర్ టవర్సు తెరచిననాటినుండి హైటెక్ సిటీ మనకు గర్వకారణమై యున్నది. అచ్చట చెడని సర్వర్లను సైతము, అమ్మినవాడు మద్దతు మానెనను నెపమున తుక్కునకు పంపుట న్యాయమా? మూలము దాచిన ఆపరేటింగ్ సిస్టమునకు అమ్మినవాని మాటయే శాసనము. లినక్సునం దట్లుకాదు, దాని మూలమును చదివి, పాతయంత్రమున కనుగుణముగ మార్చుకొను హక్కు ఎల్లరకును గలదు. మన హైదరాబాదునందలి స్వేచ్ఛ సంస్థ ఆ హక్కుతోడనే లినక్సును తెలుగున పలికించినది.

కాని వాడని హక్కు నిలువదు. ఇటానియం సర్వర్ల కోడును పోషించువారు కరవైనందున, 2024 జనవరిలో వెలువడిన లినక్సు 6.7 కెర్నెలునుండి అది తొలగింపబడినది. తొలగించినవారిని మేము నిందింపము. పరీక్షించువాడు లేక యే కోడు నిలుచును? ఇందరు ఇంజినీర్లుగల మన నగరము ఒక్క పాతయంత్రము భారమైన వహింపజాలదా?

పాతయంత్రము విద్యుత్తును హెచ్చుగ త్రాగునందురు. నిజమే, రేయింబవళ్లు నడుపుమని మేము కోరుటలేదు, విద్యార్థి నేర్చుకొనునంతసేపు నడుపుమనుచున్నాము. కంపెనీలు తాము తీసివేయు సర్వర్లను, డిస్కులు తుడిచి, కళాశాలల కిచ్చుగాక! విద్యార్థులు డ్రైవర్లను సవరించి, పరీక్షించి, ఆ మార్పులను మూలమునకే పంపుదురుగాక! పరుల కోడును నడుపుటతోనే తృప్తిపడు నగరమునకు సాంకేతిక రాజధాని యను పేరు చెల్లదు.