దొంగతనం కాకపోతే ధర్మసమ్మతమేనా?

ప్రశ్న: మావారు బోధన్‌లో జిరాక్స్, డీటీపీ షాపు నడుపుతున్నారు. పరీక్షల రోజుల్లో గిరాకీ ఉన్న గైడ్లను ఒక్కొక్కటి కొని, ముందుగానే కాపీలు తీసి, బైండింగ్ చేసి తక్కువ ధరకు అమ్ముతాము. కొందరు ధార్మిక పుస్తకాలను కూడా ఇలాగే తీయించుకుని పంచిపెడతారు. ఇది దొంగతనమేనని మా అబ్బాయి వాదన. “ఎవరి వస్తువునూ ఎత్తుకురాలేదు, డబ్బు పెట్టి కొన్న పుస్తకానికే కాపీ తీశాం” అంటారు మావారు. ఐబొమ్మ వెబ్‌సైటు నిర్వాహకుడనే ఆరోపణపై 2025 నవంబరులో హైదరాబాద్ పోలీసులు ఒకరిని అరెస్టు చేసినప్పుడు కూడా చాలామంది అతణ్ణే సమర్థించారు. మేము తినే తిండి హలాలేనా? – ఒక సోదరి, బోధన్

జవాబు: ఇంట్లోకి వచ్చే సంపాదన గురించి ఇలా కలత చెందడం విశ్వాసానికి ఆనవాలు. మీ ఇంటి చర్చలో రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. ఇది ధర్మశాస్త్ర పరిభాషలో దొంగతనమా అనేది ఒకటి. ఇది ధర్మసమ్మతమా అనేది మరొకటి. మొదటిదానికి ‘కాదు’ అని జవాబు వచ్చినంత మాత్రాన రెండవదానికి ‘అవును’ అని జవాబు రాదు.

దివ్య ఖుర్‌ఆన్ శిక్ష నిర్ణయించిన దొంగతనానికి ధర్మవేత్తలు కొన్ని షరతులు పేర్కొన్నారు. అది పరుల సొత్తు అయి ఉండాలి, భద్రపరచిన చోటు నుంచి రహస్యంగా తీసినదై ఉండాలి, నిర్ణీత విలువకు తగ్గకూడదు. చెట్టుకున్న పండ్ల విషయంలో దైవప్రవక్త (సఅసం) చేసిన విభజన చూడండి. ఆకలిగొన్నవాడు ఒడిలో మూటకట్టుకోకుండా అక్కడే తింటే అతనిపై దోషం లేదు. మూటకట్టుకుని పోతే రెట్టింపు పరిహారమూ, శిక్షా ఉన్నాయి. కళ్లానికి చేరిన పంటను, నిర్ణీత విలువ మేరకు, కాజేస్తేనే అది దొంగతనపు శిక్షకు వస్తుంది. చెరకు పండే మీ ప్రాంతంలో ఇది వెంటనే అర్థమవుతుంది. దారినపోయేవాడు ఒక గడ విరుచుకు తినడం వేరు, బండి కట్టుకుని రావడం వేరు. బండి కట్టినవానికి దొంగతనపు శిక్ష పడకపోయినా, ఆ చెరకు అతనికి హలాల్ కాదు.

పుస్తకాల విషయంలో ఈ విభజన మరింత స్పష్టంగా కనిపిస్తుంది. 12వ శతాబ్దపు హనఫీ ధర్మవేత్త ఇమామ్ మర్గీనానీ తన ‘హిదాయా’లో, పుస్తకాలను అపహరించినవానికి దొంగతనపు శిక్ష వర్తించదని రాశారు. పుస్తకంలో మనిషి కోరేది అందులోని విషయాన్ని, ఆ విషయం ‘సొత్తు’ కాదు అని ఆయన చూపిన కారణం. లెక్కల పుస్తకాలను మాత్రం దీని నుంచి మినహాయించారు. అంతమాత్రాన పుస్తకం ఎత్తుకుపోవడం ధర్మసమ్మతమని ఆయన అనలేదు.

‘విషయం సొత్తు కాదు’ అన్న ఈ ఆలోచన ఆధారంగానే గత తరపు విద్వాంసులు కొందరు గ్రంథస్వామ్యాన్ని అమ్మదగిన హక్కుగా అంగీకరించలేదు. అయితే ముద్రణాలయాలు వచ్చాక రచన జీవనాధారమయింది, దానికి వెలకట్టడం లోకరీతి అయింది. దీనిని పరిశీలించిన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ 1988 డిసెంబరులో కువైట్ సమావేశంలో ఒక తీర్మానం చేసింది. రచన, ఆవిష్కరణ, వ్యాపార చిహ్నాల హక్కులు ఆర్థిక విలువ గలవనీ, షరీఅత్ రక్షణ వాటికి ఉందనీ, వాటిని అతిక్రమించరాదనీ నిర్ణయించింది. మాకు సబబుగా తోచే అభిప్రాయం ఇదే.

“అతని పుస్తకం అతని దగ్గరే ఉంది కదా, పోయిందేమిటి?” అని మీవారు అడగవచ్చు. చెరకు నరికిన కూలీకి కూలి ఎగ్గొట్టినవాడు కూడా అతని కొడవలిని తీసుకోలేదు. పోయింది అతని శ్రమఫలం. పని పూర్తిగా చేయించుకుని కూలి ఇవ్వనివానికి తీర్పుదినాన తానే ప్రతివాదినవుతానని అల్లాహ్ హెచ్చరించిన సంగతి సహీహ్ బుఖారీలో ఉంది. ప్రజలకు రావలసిన వాటిని తగ్గించి ఇవ్వకండని షుఐబ్ ప్రవక్త (అలైహిస్సలామ్) తన జాతికి బోధించారు. గైడు రాసిన ఉపాధ్యాయుడు, దానిని అచ్చువేసిన ప్రచురణకర్త కూడా ఆ ‘ప్రజల’లో వారే.

సినిమాల మంచిచెడ్డలు వేరే చర్చ. కానీ ‘వాళ్లు కోటీశ్వరులు’ అన్నది హక్కును రద్దుచేసే కారణం కాదు. ధనికుని సొత్తయినా అతని మనస్ఫూర్తి అంగీకారం లేకుండా హలాల్ కాదు.

ధార్మిక పుస్తకాల సంగతికి వద్దాం. జ్ఞానాన్ని దాచిపెట్టడం మహాపాపమన్నది నిజమే. చదివినదానిని నోటితో చెప్పండి, బోధించండి, మీ మాటల్లో రాసి పంచండి. దానిని ఎవరూ ఆపలేరు. పుస్తకాన్నే అచ్చంగా కాపీ చేయాలంటే ప్రచురణకర్తను ఒక్కమాట అడగండి. ‘ఉచితంగా పంచవచ్చు’ అని ముద్రించిన పుస్తకాలకు ఆ అవసరం కూడా లేదు.

ఇక మీ షాపు. మన దేశపు 1957 కాపీరైటు చట్టం దీనిని దొంగతనం అనదు, ‘ఉల్లంఘన’ అంటుంది. అయినా సాధారణంగా ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల జరిమానా నిర్దేశించింది. చదువుకునేవారికి వెసులుబాటూ ఇచ్చింది. ఢిల్లీ విశ్వవిద్యాలయపు ఫొటోకాపీ షాపు కేసులో, బోధనకు అవసరమైన మేరకు పుస్తక భాగాలను కాపీ తీసి ఇవ్వడం ఉల్లంఘన కాదని ఢిల్లీ హైకోర్టు 2016లో చెప్పింది. కాబట్టి విద్యార్థి తనకు కావలసిన అధ్యాయాలను తెస్తే తీసివ్వండి, ఆ కూలి మీకు హలాల్. రచయిత మరణించి 60 ఏళ్లు దాటిన పుస్తకాలకు సాధారణంగా చట్టపు అడ్డంకి ఉండదు. బజారులో దొరికే గైడు మొత్తాన్ని కాపీ తీసి, నిల్వ చేసి అమ్మడం మాత్రం మానుకోండి. ఆ గైడ్లనే ప్రచురణకర్త నుంచి తెప్పించి, కమీషన్‌పై అమ్మే ప్రయత్నం చేయండి.

గడచినదానికి తౌబా చేసుకోండి. ఇది దాసుల హక్కు, హక్కుదారుడు క్షమించాలి. మీకు తెలిసిన ప్రచురణకర్తలకు చేతనైనంత చెల్లించండి, లేదా క్షమాపణ కోరండి. ఆచూకీ దొరకనివారి తరఫున అంచనా వేసి దానం చేయండి. మిగిలిన సంపాదనను అనుమానించి కుమిలిపోవద్దు.

మీ అబ్బాయి వాడిన మాట ధర్మశాస్త్ర పరిభాషకు సరిపోకపోవచ్చు, కానీ అతని మనస్సు పట్టుకున్నది సరైనదే. అతణ్ణి మందలించకండి. అల్లాహ్ మీ సంపాదనలో శుభం ప్రసాదించుగాక! ఆమీన్.