ఇద్దరే... రెండు రోజులు... విశాఖ!

పెళ్లిళ్లకి వెళ్తాం, పేరంటాలకి వెళ్తాం, మొక్కులు తీర్చుకోడానికి వెళ్తాం. ఎక్కడికెళ్లినా చంకనొకరు, చెయ్యి పట్టుకుని ఒకరు, వెనకాల పెద్దవాళ్లు, ముందు సామాను! మరి ‘మనిద్దరం’ అంటూ వెళ్లిందెప్పుడు? లెక్క చెప్పమంటే ఒక్క వేలైనా మడుస్తారా?

మా వీధిలో ఒకావిడున్నారు. పెళ్లయి ఇరవై రెండేళ్లు. ఆయన ఆఫీసు పనిమీద విశాఖ అయిదారుసార్లు వెళ్లొచ్చారు. ఈవిడ సముద్రాన్ని చూసింది మాత్రం సినిమాల్లోనే! “డబ్బు లేక కాదండీ, నన్ను తీసుకెళ్లాలని ఆయనకి తోచలేదు, అడగాలని నాకూ తోచలేదు” అన్నారు మొన్న నవ్వుతూ. ఆ నవ్వు నాకు నవ్వులా అనిపించలేదు.

అందుకే ఈ వారం పోపుల డబ్బా మూతపెట్టి, విశాఖ ప్రయాణం గురించి మాట్లాడుకుందాం. శుక్రవారం సాయంత్రం రైలెక్కి, సోమవారం ఉదయానికల్లా ఇంటికి చేరిపోవచ్చు. సెలవు పెట్టక్కర్లేదు, అప్పు చెయ్యక్కర్లేదు.

ముందు ఖర్చు సంగతి

హైదరాబాదునుంచి బయల్దేరే దంపతులు ఏడు వేలు పక్కన పెట్టారనుకుందాం. దాన్ని ఇలా పంచుకోవచ్చు.

రైలు, స్లీపర్‌లో రానూపోనూ: 1800
లాడ్జి గది, ఒక్క రాత్రికి: 1800
తిండి, కాఫీలు: 1600
బస్సులు, ఆటోలు: 700
ప్రవేశ టికెట్లు: 400
అత్యవసరానికి: 700

మీ ఊరినిబట్టి, సీజనునిబట్టి అంకెలు అటూ ఇటూ అవుతాయి. కానీ ఆ ఆఖరి 700 మాత్రం ముట్టుకోకండి. ఖర్చవకపోతే వచ్చే ప్రయాణానికి అదే పెట్టుబడి. నెలకి ఆరువందల చొప్పున దాస్తే ఏడాదికి 7200. చీటీ కట్టినట్టే అనుకోండి!

రైలు టికెట్లకి తొందరపడాలి. ఇదివరకు 120 రోజుల ముందు రిజర్వేషన్ చేయించుకునేవాళ్లం. 2024 నవంబరు 1 నుంచి అది 60 రోజులకి తగ్గింది. కాబట్టి తేదీ అనుకోగానే క్యాలెండర్లో వెనక్కి లెక్కేసి, బుకింగ్ మొదలయ్యే రోజుకి గుర్తు పెట్టుకోండి. హైదరాబాదునుంచి గోదావరి ఎక్స్‌ప్రెస్ 1974 నుంచి నడుస్తోంది. సాయంత్రం ఎక్కితే తెల్లారేసరికి విశాఖలో ఉంటారు. విజయవాడవాళ్లకి రత్నాచల్ ఉంది. ఉదయం బయల్దేరి మధ్యాహ్నానికి దించేస్తుంది.

గది తీసుకునేటప్పుడు ఒక్క ప్రశ్న తప్పక అడగండి. “మీది ఇరవైనాలుగు గంటల లెక్కా, పన్నెండు గంటలకి ఖాళీ చెయ్యాలా?” ఇరవైనాలుగు గంటల లెక్కయితే శనివారం పొద్దున్నే గదిలోకి వెళ్లిపోవచ్చు. పన్నెండింటి లెక్కయితే పొద్దున్నే దిగినా మధ్యాహ్నందాకా గది ఇవ్వకపోవచ్చు, లేదా అదనంగా అడగొచ్చు. డబ్బు కట్టేముందు గది చూడండి. తలుపు గడియ, బాత్‌రూములో నీళ్లు సరిచూసుకోవడం మన హక్కు. ఇద్దరి గుర్తింపు కార్డులూ వెంట ఉండాలి. ఆదివారం గది ఖాళీ చేశాక సామాను రైల్వేస్టేషన్ క్లోక్‌రూములో పెట్టుకోవచ్చు. కాకపోతే సంచులకి తాళం ఉండాలి, చేతిలో రైలు టికెట్ ఉండాలి.

ఊళ్లో తిరగడానికి సిటీబస్సులే మేలు. ఆంధ్రప్రదేశ్‌లో నివాసముండే ఆడవాళ్లకి 2025 ఆగస్టు 15 నుంచి ‘స్త్రీశక్తి’ పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ డబ్బు లేదు. గుర్తింపు కార్డు చూపిస్తే చాలు. ఇక మీవారి టికెట్టుకి మీరే డబ్బులిచ్చి దర్జాగా కూర్చోండి!

శనివారం

దిగగానే స్నానం, టిఫిను. ఎండ ముదరకముందే భీమిలి రోడ్డు పట్టండి. ఒకపక్క కొండలు, ఒకపక్క సముద్రం. బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే ఆ దారే ఒక వినోదం. దారిలో తొట్లకొండ ఉంది. రెండువేల ఏళ్లనాటి బౌద్ధారామం. 1976లో నౌకాదళంవారు ఏరియల్ సర్వే చేస్తుంటే బయటపడింది. వాననీళ్లు నిలవచేసుకోడానికి రాతిలో తొలిచిన తొట్లవల్లే ఆ పేరు. భిక్షువుల గదుల పునాదులు, స్తూపాలు, కిందంతా నీలం సముద్రం. మెయిన్‌రోడ్డునుంచి కొండ ఎక్కాలి కాబట్టి మంచినీళ్లు, గొడుగు మర్చిపోకండి.

ఇంకా ముందుకెళ్తే భీమిలి. గోస్తనీ నది సముద్రంలో కలిసేది ఇక్కడే. ఒకప్పుడు డచ్చివాళ్ల వ్యాపార స్థావరం. వాళ్ల పాత సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. జనం తక్కువ, ప్రశాంతత ఎక్కువ. అక్కడే భోజనం చేసి వెనక్కి రండి. మధ్యాహ్నం ఒక గంట నిద్రపోండి. అవును, పట్టపగలే! ఎవరూ “అమ్మా, ఆకలి” అని లేపరు.

సాయంత్రం రామకృష్ణా బీచ్. కురుసుర జలాంతర్గామి చూడకుండా రావద్దు. 1969లో నౌకాదళంలో చేరి, 1971 యుద్ధంలో పనిచేసి, 2001లో రిటైరైన ఈ జలాంతర్గామిని ఒడ్డుకి చేర్చి, 2002లో మ్యూజియం చేశారు. లోపల ఇరుకు ద్వారాల్లోంచి వంగి, కాలెత్తి దాటాలి. చీరకంటే పంజాబీ డ్రెస్సు సుఖం. ఆ చిన్న వంటగది, ఒకదానిమీద ఒకటిగా ఉన్న పడకలు చూస్తే మన వంటిల్లు ఎంత విశాలమో తెలుస్తుంది! సోమవారం సెలవు. ఎదురుగానే టీయూ-142 విమానం మ్యూజియం ఉంది.

తర్వాత ఇసకలో కూర్చుని, ముంత మసాలా తింటూ, చీకటిపడేదాకా ఊరికే ఉండండి.

ఆదివారం

మన సముద్రం తూర్పున ఉంది. సూర్యుడు నీళ్లలోంచే లేస్తాడు. అయిదింటికే లేచి బీచికి వెళ్లండి. పైసా ఖర్చులేని ఈ దృశ్యంకోసమే సగం డబ్బు పెట్టామనిపిస్తుంది.

ఆపైన సింహాచలం. స్వామి ఏడాది పొడుగునా చందనం పూతలోనే ఉంటాడు. నిజరూప దర్శనం అక్షయతృతీయనాడు మాత్రమే. ఆరోజున జనసముద్రం కాబట్టి, విహారంకోసం వెళ్లేవాళ్లు ఆ తేదీ తప్పించుకోండి. ఆషాఢ పౌర్ణమికి జరిగే గిరిప్రదక్షిణ సమయం కూడా అంతే. గుళ్లో ఉచిత అన్నప్రసాదం ఉంది. పుణ్యానికి పుణ్యం, భోజనం ఖర్చూ మిగులుతుంది.

మిగిలిన టైములో రోప్‌వే ఎక్కి కైలాసగిరి చూస్తారో, ఏటికొప్పాక లక్కబొమ్మలు కొంటారో మీ ఇష్టం. పిల్లలకి ఆ బొమ్మలు, పెద్దవాళ్లకి మాడుగుల హల్వా, ఇంటికి కిలో అనకాపల్లి బెల్లం. చాలు! చుట్టాలందరికీ తేవాలనుకుంటే బడ్జెట్ సముద్రంలో కలిసినట్టే.

“అరకు వెళ్లొద్దా?” అంటారేమో. బొర్రా గుహలు, అరకు చూడ్డానికి ఒక రోజంతా కావాలి. రెండు రోజుల్లో దాన్నీ ఇరికిస్తే రైళ్లూ బస్సులే మిగులుతాయి. ఇంకోసారి వెళ్లడానికి ఒక వంక ఉంచుకోండి.

జాగ్రత్తలు

అల వెనక్కి పోయేటప్పుడు కాళ్లకింద ఇసకని లాగేస్తుంది. ఈతొచ్చినవాళ్లని కూడా లోపలికి ఈడ్చుకుపోయే ప్రవాహాలున్న తీరం ఇది. మోకాళ్లు దాటి నీళ్లలోకి దిగకండి, మీవారిని దిగనివ్వకండి. ఫోటోకోసం రాళ్లమీదికి ఎక్కొద్దు.

నవంబరు ఆఖరునుంచి ఫిబ్రవరిదాకా వాతావరణం హాయి. అక్టోబరు, నవంబరు తుపానుల రోజులు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరిమీదే విరుచుకుపడింది. ఆ నెలల్లో వాతావరణం కబుర్లు విన్నాకే బయల్దేరండి.

ఇంట్లో గ్యాస్ సిలిండర్ కట్టేయండి, పాలు ఆపండి, కుండీల్లో నీళ్లు నిండా పోయండి. వాట్సాప్ స్టేటస్‌లో ఫోటోలు తిరిగొచ్చాక పెట్టండి. ఇల్లు తాళమేసుందని ఊరందరికీ చెప్పడం ఎందుకు?

శుక్రవారం రాత్రికి పులిహోర, దద్దోజనం చాలు. దద్దోజనంలో పాలు ఎక్కువ పోసి, ఒక చెంచా తోడు వేస్తే రైల్లో తినేవేళకి పుల్లబడకుండా కమ్మగా ఉంటుంది. అంతే! అక్కణ్ణించి రెండు రోజులు మీకు వంట సెలవు. ఎలక్ట్రిక్ కుక్కరు సంచిలో పెట్టుకుని లాడ్జిలో అన్నం వండే పొదుపు మాత్రం వద్దు. అది మీ సెలవుని మిగిల్చే పొదుపు కాదు, మింగేసే పొదుపు.

ఇక పిల్లలు. “వాళ్లని వదిలి సరదాకి వెళ్తారా?” అని ఎవరో ఒకరు అంటారు. అననివ్వండి. అత్తగారినో, అమ్మనో ముందే మంచిగా అడగండి. “రెండు రోజులు మీరు చూసుకోండి, వచ్చే నెల మీరు తిరుపతి వెళ్తే ఇల్లు నేను చూసుకుంటాను” అంటే కాదనేవాళ్లు తక్కువ. పిల్లలకి మందులు, స్కూలు సంగతులు కాగితంమీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి. రోజుకి రెండుసార్లు ఫోన్ చాలు. అమ్మానాన్నా ఒకరితో ఒకరు సంతోషంగా ఉండటం పిల్లలు చూడాల్సిన విషయమే కదా!

అసలు కష్టమేమిటో తెలుసా? బీచిలో కూర్చున్నాక ఏం మాట్లాడుకోవాలో తెలియకపోవడం. కరెంటు బిల్లు, పిల్లల మార్కులు, మరిది పెళ్లి... ఏళ్లతరబడి అవే మాట్లాడి వేరే మాటలు మర్చిపోతాం. మొదటి గంట మౌనంగా గడిచినా కంగారుపడకండి. ఆయనకి చిన్నప్పుడేం కావాలనుండేదో అడగండి. మీకేం కావాలనుండేదో చెప్పండి. అలలు వింటాయి, అంతే. ఎవరికీ చెప్పవు.

‘ఆయనకి తోచాలి’ అని ఎదురుచూడకండి. ఈ పేజీ కత్తిరించి, రాత్రి భోజనాలయ్యాక ఆయన ముందు పెట్టి, తేదీ మీరే చెప్పండి. ఏమంటారు?