మెట్టదారిలో సైకిళ్ళు

భీమవరంలో పుట్టి పెరిగినవాడు తనకు సైకిలు తొక్కడం బాగా వచ్చునని చెప్పుకోవచ్చునా? చెప్పుకోవచ్చుననే నేను తొమ్మిదో తరగతి దాకా అనుకొన్నాను. మా ఊరు సముద్రమట్టానికి పది మీటర్ల ఎత్తయినా ఉండదు. గోదావరి తెచ్చి పోసిన ఒండ్రునేల అది. చాప పరిచినట్టు ఎటు చూచినా వరిచేలు, కాలవలు, చెరువులు. యనమదుర్రు డ్రెయిను వంతెన ఎక్కడమే మాకు కొండ ఎక్కడం!

ఆ ఏడు సంక్రాంతి సెలవులలో మేము నలుగురు స్నేహితులం మెట్టకు ప్రయాణమయ్యాము. కాలవ నీరు ఎక్కలేని ఎత్తు నేలలను మా వైపు మెట్ట అంటారు. మాలో ఒకడి పెద్దమ్మగారిది ద్వారకా తిరుమల. సైకిళ్ళను బస్సు టాపు మీద వేయించి, రాత్రికి వాళ్ళింటికి చేరుకొన్నాము. తెల్లవారగానే ఆవిడ పులిహోర పొట్లాలు కట్టి ఇచ్చింది. కామవరపుకోట మీదుగా గుంటుపల్లి గుహలకు బయలుదేరాము. అప్పుడది పశ్చిమ గోదావరి జిల్లా. 2022 నుంచి ఏలూరు జిల్లాలో ఉన్నది.

ఒక్క సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. నా సైకిలు బ్రేకు రబ్బర్లు అరిగి అట్టముక్కల్లా అయినాయి. చెబితే నన్ను వదిలి వెళతారేమోనని భయం. అయినా మా ఊళ్ళో బ్రేకులతో పనేమున్నది? తొక్కడం మానితే సైకిలు దానంతట అదే ఆగుతుంది.

దారి ఎంత బాగున్నదో! ఎర్రమట్టి నేల, జీడిమామిడి తోటలు, మంచులో తడిసిన తాటిచెట్లు. ఒక మిట్ట దిగితే మరొక మిట్ట. అంతవరకు బాగానే ఉన్నది గాని, మొదటి పెద్ద మిట్ట సగం ఎక్కేసరికి నలుగురమూ దిగి సైకిళ్ళు నెట్టుకొంటూ నడిచాము. ఎందుకో చూడండి. మామూలు సైకిలుకు ముందు పళ్ళచక్రానికి 44 పళ్ళు, వెనుకదానికి 18 పళ్ళు ఉంటాయి. పెడలు ఒక చుట్టు తిరిగితే వెనుక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరిగి, సైకిలు అయిదు మీటర్ల పైన ముందుకు పోతుంది. చదును నేల మీద ఇది సుఖమే. మిట్ట మీద మాత్రం ఆ ఒక్క చుట్టులోనే మనిషినీ సైకిలునూ కూడా పైకి ఎత్తాలి. గేర్ల సైకిలులో వెనుక ఎక్కువ పళ్ళున్న చక్రానికి గొలుసును మార్చుకోవచ్చు. అప్పుడు కాలికి బరువు తగ్గుతుంది, కాని ఎక్కువసార్లు తొక్కాలి. మొత్తం శ్రమలో తేడా ఏమీ ఉండదన్నమాట.

సైకిళ్ళను కొండ కింద పెట్టి, మెట్లెక్కి గుహలు చూచాము. క్రీస్తుకు పూర్వం రెండవ శతాబ్దం నాటికే బౌద్ధ భిక్షువులకోసం ఆ ఇసుకరాతి కొండను తొలిచారు. అందులో గుండ్రని చైత్యం ఒకటి ఉన్నది. మధ్యన స్తూపం. తల ఎత్తి చూస్తే పైకప్పుకు రాతి వాసాలు! అచ్చం మన తాటాకు పాక లోపల నిలబడి చూచినట్టే ఉంటుంది. కొండను తొలిచిన గదికి వాసాలతో పనేమిటి? ఇళ్ళకు కర్ర వాసాలు వేసి వేసి అలవాటైన చేతులు రాతిలోనూ వాటినే చెక్కినట్టున్నాయి. బీహారులో బరాబర్ కొండల మీద లోమశ ఋషి గుహ ఉన్నది. దాని వాకిలి కూడా ఇలాగే కర్ర ఇంటిని చూచి రాతిలో చెక్కినదే.

పులిహోర తిని మధ్యాహ్నం వెనక్కు మళ్ళాము. పొద్దున నెట్టుకొంటూ ఎక్కిన మిట్ట ఇప్పుడు దిగుడు. అందరికంటె ముందు నేనే వదిలాను. గాలి చెవులలో హోరుమన్నది. సగం దిగాక చూస్తే, కింద రోడ్డుకు అడ్డంగా మేకలమంద! బ్రేకు పట్టాను. కీచుమన్నదే గాని వేగం తగ్గలేదు. చెప్పుకాలు నేలకు ఆనించాను, చెప్పు ఊడిపోయింది. ఇక దారి లేక, పక్కన దున్నిన చేలోకి హ్యాండిలు తిప్పేశాను.

లేచి చూచుకొంటే మోకాళ్ళు రెండూ గీరుకుపోయాయి, హ్యాండిలు వంకరపోయింది. మేకల ముసలాయన పరుగున వచ్చి, “బ్రేకు లేని బండిని ఈ మిట్టల మీదికి ఎందుకు తెచ్చావు బాబూ?” అన్నాడు. ఏం చెప్పను?

నా వెనుకవాళ్ళు నెమ్మదిగా దిగి వచ్చారు. “ఒరే, రిమ్ము ముట్టుకొని చూడు!” అన్నాడు ఒకడు. ముట్టుకొంటే వేడిగా ఉన్నది. ఆ వేడి ఎక్కడిది? మిట్ట ఎత్తు 20 మీటర్లనుకోండి. మనిషి, సైకిలు కలిసి 60 కిలోలనుకోండి. ఎక్కడమంటే, పదేసి కిలోల బియ్యపు మూటలు ఆరింటిని ఆరంతస్తుల మేడమీదికి మోసినంత పని. ఆ పని ఎక్కడికీ పోదు, ఎత్తులో దాగి ఉంటుంది. దిగేటప్పుడు వేగమై బయటికి వస్తుంది. గాలి, రాపిడి అడ్డురాకపోతే కిందికి చేరేసరికి గంటకు 70 కిలోమీటర్ల వేగం! బ్రేకు చేసే పని ఆ వేగాన్ని వేడిగా మార్చి గాలిలో కలపడమే. నా వేగం మాత్రం ఆ రైతు దుక్కిని మరోసారి దున్నడానికి ఖర్చయింది.

మీ సైకిలునూ ఒకసారి చూచుకోండి. బ్రేకు గట్టిగా పట్టి సైకిలును ముందుకు నెట్టండి. ముందుదీ వెనుకదీ విడివిడిగా పట్టి చూడాలి. చక్రం తిరిగితే రబ్బర్లు మార్చవలసిందే.

అక్కడినుంచి ప్రతి దిగుడులోనూ నేను సైకిలు దిగి నడిచాను. మంచి బ్రేకులున్న ఆ ముగ్గురూ కూడా నాతో నడిచారు. ఒక్కడూ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే తేలికగా ఉండేది. ఇల్లు చేరేసరికి బాగా చీకటిపడింది. పెద్దమ్మగారు నా మోకాళ్ళకు పసుపు అద్దుతూ, “గుహల్లో జారిపడ్డావా నాయనా?” అని అడిగింది. మిగతా ముగ్గురూ నా వైపు చూచారు.

“లేదండీ,” అని మొదలుపెట్టి, బ్రేకుల సంగతి మొదటినుంచీ చెప్పాను.