అమ్మ షుగరు, నేను గీసిన గీత

తెనాలిలో ఉదయం ఆరున్నరకి అమ్మ వేలు గుచ్చుకుని షుగరు చూసుకుంటే, ఇక్కడ లుసైల్‌లో నాకు తెల్లవారుజామున నాలుగు. నేను లేచేసరికి తమ్ముడు పంపిన నోటుబుక్కు ఫొటో వాట్సాప్‌లో ఉంటుంది. శుక్రవారం సెలవు కాబట్టి, ఆ వారం అంకెలన్నీ కాఫీ తాగుతూ గూగుల్ షీట్‌లోకి ఎక్కిస్తాను. ఇంత దూరాన ఉండి అమ్మకు నేను చేయగలిగింది ఇదొక్కటే అని కాస్త గర్వంగా కూడా ఉండేది.

మే నెలలో అమ్మ అడిగింది, "ఏమన్నా పెరిగిందంటావే?" అని. అంకెలన్నీ సెలెక్ట్ చేసి, షీట్ ఏ బొమ్మ ఇస్తే దాన్నే చూశాను. రంపం పళ్లలా పైకీ కిందకీ ఒక గీత. "హెచ్చుతగ్గులే గానీ పెరగడం లేదమ్మా" అని ధైర్యంగా చెప్పేశాను. అమ్మ నమ్మింది. ఆ నెల డాక్టరు దగ్గరికి వెళ్లడం మానేసింది.

జూలైలో ఆ గీతను తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి చూసింది. "అమ్మా, పరగడుపువీ తిన్నాక చూసినవీ ఒకే గీతలో కలిపేశావేంటి?" అంది. నా గుండె జారిపోయింది. రెండింటినీ రెండు వరసల్లో పెట్టి రెండు గీతలు గీశాం. పరగడుపు గీత ఫిబ్రవరిలో 120 దగ్గర మొదలై మెల్లగా 150 దాటింది. తిన్న తర్వాతి అంకెల ఎగుడుదిగుళ్ల చాటున అది నాకు ఇన్నాళ్లూ కనబడలేదు.

ఇంకో తప్పు కూడా బయటపడింది. షీట్ అమెరికా పద్ధతిలో ఉంది. నేను 13/5 అని కొడితే, పదమూడో నెల లేదు కాబట్టి దాన్ని తేదీగా కాక ఉత్త అక్షరాలుగా తీసుకుంది. 5/3 కొడితే మార్చి 5 కాస్తా మే 3 అయిపోయింది! తేదీలు అక్షరాలైపోతే చార్టు చుక్కలన్నిటినీ సమాన దూరంలో పెట్టేస్తుంది. పెళ్లికని ఊరెళ్లి అమ్మ రెండు వారాలు చూసుకోకపోతే, ఆ ఖాళీ ఒక్క రోజులా కనిపించింది. ఫైల్ మెనూలో సెట్టింగ్స్‌కి వెళ్లి, లొకేల్‌ను ఇండియాకి మార్చి, తేదీలన్నీ మళ్లీ కొట్టాను. మీ షీట్‌లో కూడా ఒకసారి చూసుకోండి.

అప్పట్నుంచి చార్టు నొక్కే ముందు నన్ను నేను ఒక ప్రశ్న వేసుకుంటున్నాను: "నాకు ఏం తెలియాలి?" కాలంతో పాటు ఏం మారిందో తెలియాలంటే లైన్ చార్ట్. దేనికంటే ఏది ఎక్కువో తెలియాలంటే బార్ చార్ట్. ఒకటి పెరిగితే రెండోది కూడా పెరుగుతోందా అని చూడాలంటే, అంటే నడకకీ షుగరుకీ సంబంధం ఉందా అన్నట్టు, చుక్కల స్కాటర్ చార్ట్. మొత్తంలో ఎవరి వాటా ఎంతో చూడాలంటే పై చార్ట్, అదీ రెండు మూడు ముక్కలుంటేనే.

లైన్, బార్ చార్టులను 1786లోనూ, పై చార్టును 1801లోనూ తన పుస్తకాల్లో వేసినవాడు విలియం ప్లేఫెయిర్ అనే స్కాట్లాండ్ ఆయన. 1984లో క్లీవ్‌లాండ్, మెక్‌గిల్ అనే ఇద్దరు పరిశోధకులు మన కన్ను దేన్ని సరిగ్గా పోల్చగలదో పరీక్షించారు. ఒకే కొలబద్ద మీద ఉన్నవాటిని బాగా పోలుస్తాం, కోణాల దగ్గర పొరబడతాం అని తేల్చారు. మా ఇంటి ఖర్చుల పై చార్టులో అద్దె, స్కూలు ఫీజు ఒకే సైజు ముక్కల్లా ఉండేవి. బార్‌లో పెట్టగానే ఏది పెద్దదో తెలిసిపోయింది.

ఇంకొక్క మాట. బార్ ఎప్పుడూ సున్నా నుంచి మొదలవ్వాలి, లేకపోతే పొడవులు మోసం చేస్తాయి. లైన్‌కి ఆ నియమం లేదు గానీ పక్కనున్న అంకెలు చదవాలి. డాలరుకు 3.64 చొప్పున రియాల్‌ని కట్టేశారు కాబట్టి మనం చూసే రియాల్-రూపాయి గీత నిజానికి రూపాయి కథే. కొలబద్దను కుదిస్తే పది పైసలు కూడా కొండలా కనిపిస్తాయి. అది చూసి డబ్బు పంపడానికి పరుగెత్తకండి.

ఆ రెండు గీతల ప్రింటు తీసుకుని తమ్ముడు అమ్మను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన మూడు నెలల సగటు చెప్పే రక్తపరీక్ష చేయించి, మందు మార్చారు. నా తప్పు నేనే అమ్మకు చెప్పాను. "పోనీలేవే, ఇప్పుడన్నా చూశావుగా" అంది.

పోయిన శుక్రవారం వచ్చిన ఫొటోలో నోటుబుక్కు పేజీ మధ్యలో స్కేలుతో నిలువుగా ఒక గీత ఉంది. ఎడమవైపు "పరగడుపు", కుడివైపు "తిన్నాక" అని అమ్మ చేతిరాత.